రెండు సంతల గడువు

ఊరికే కూర్చున్న డబ్బు పెరిగితే, ఆ పెరిగినంతా ఎవరి చేతిలోంచి వచ్చినట్టు?

తిరుమలరావుకి ఈ అనుమానం పెళ్ళైన కొత్తలో పుట్టింది. తండ్రి అతని పేరు మీద బ్యాంకులో వేసిన డిపాజిట్ గడువు తీరి, వేసినదానికంటే ఎక్కువ చేతికొచ్చిన రోజున. చింతపండు మీద లాభం ఎక్కడిదో అతనికి తెలుసు. కొండ మీద ఒకరు చెట్టెక్కి దులిపారు, ఒకరు కూర్చుని గింజ తీశారు, ఒకరు నెత్తిన పెట్టుకుని దిగారు, తను లారీకెత్తించి పంపాడు. అందరి చెమటకీ తలా కొంత. మరి మూలన పడున్న డబ్బు ఎవరి ఎండలో నిలబడింది? బ్యాంకు మేనేజరుని అడిగితే నవ్వాడు. పూజ చేయించడానికి వచ్చిన అప్పలనరసింహం గారిని అడిగితే, "బాబూ, నువ్వు వడ్డీ గురించి నన్నడిగితే, నా మంత్రాలు రేపు నువ్వు సదవాల. దణ్ణం ఎట్టుకుని భోజనానికి లెగు" అన్నాడు. అనుమానం మాత్రం పంటి సందున ఇరుక్కున్న చింతపీచులా అలాగే ఉండిపోయింది.

తిరుమలరావుది ఒడిశా కొండల్లోని బిస్సమ్ కటక్. తాత పాలకొండ వైపు నుంచి ఉప్పు బస్తాలతో వచ్చి, కొండసరుకు వ్యాపారంలో పడి, ఇక్కడే నిలిచిపోయాడు. ఇప్పుడు మనవడి వ్యాపారం ముఖ్యంగా చింతపండు మీదే. శివరాత్రి వెళ్ళాక వచ్చే మొదటి సంతలో కాటా కడతారు. ఇప్పుడు అందరివీ బ్యాటరీ కాటాలే, ముక్కాలికి వేలాడదీసేవి ఎవరికీ లేవు. అయినా కాటా కట్టడం అనే మాట పోలేదు. మాటతో పాటు కట్టుబాటు కూడా పోలేదు. మొదటి సంతనాడు ఎవరు ఎక్కడ కాటా కట్టి, సంత లేచేదాకా వచ్చిన సరుకు కాదనకుండా కొంటారో, ఆ ఏడంతా ఆ జాగా వాళ్ళది. ఆ రోజు కట్టలేకపోయినవాడి జాగాలో ఇంకొకరు కట్టుకోవచ్చు. తగువు లేదు, పంచాయితీ లేదు.

తిరుమలరావు తాత కట్టిన జాగా రోడ్డు పక్కన రేకుల షెడ్డు ముందుంది. లారీ వెనక్కి వచ్చి ఆగేంత చోటు. కొండ దిగినవాళ్ళకి ఎదురుపడే మొదటి కాటా అదే. అది పోతే వెనక వరసలో, మేకల బజారు పక్కన బురదలో కట్టుకోవాలి. అంత దూరం బరువులు మోసుకుని ఎవరూ రారు. వెనక వరసకి వెళ్ళిన ఇద్దరు వ్యాపారులు రెండేళ్ళు తిరక్కుండా పార్వతీపురం వెళ్ళిపోయి ఒకరి కొట్లో గుమాస్తాలయ్యారు. తిరుమలరావుకి యాభై రెండేళ్ళు. ఇంకొకరి కొట్లో గుమాస్తాగా కూర్చునే వయసు కాదు.

ఆ కాటా కోసం ఏటా నాలుగు లక్షలు విడిగా తీసి ఉంచుతాడు. కార్తీకంలో పసుపు, కొండచీపుళ్ళ లెక్కలు తేలాక తీసిన డబ్బు శివరాత్రి దాకా కదలదు. ఆ కదలని నెలల మీదే అమర్‌నాథ్ కన్ను పడింది.

అమర్‌నాథ్ తిరుమలరావు చెల్లెలు లలితకుమారి భర్త. కొరాపుట్ బస్టాండు దగ్గర ఆన్‌లైన్ పనుల షాపు ఉంది. దరఖాస్తులు నింపడం, టిక్కెట్లు తీయడం, కార్డులు ప్రింటు కొట్టడం. చెడ్డవాడు కాదు. కొత్తది ఏది కనిపించినా పదిమందికీ పంచిపెడితే గానీ నిద్రపట్టని మనిషి. ముందు ఏడాది తిరుమలరావు చేత పదివేలు పెట్టించి, పన్నెండు వేలు చేసి ఇచ్చాడు. ఈ కార్తీకంలో మళ్ళీ ఫోను చేశాడు.

"బావా, తురంగ్ అని ఒక నాణెం. సేతికి కనపడదు, ఫోన్లోనే ఉంటాది. ఫార్మింగంటారు దీన్ని. నీ నాణేలు ఒక కుండలో ఏస్తావు. నాలాంటోళ్ళు, నీలాంటోళ్ళు అందరూ ఏస్తారు. కొనీవోళ్ళూ అమ్మీవోళ్ళూ ఆ కుండలోంచే మార్సుకుంటారు. నీ నాణేలు వాడుకున్నందుకు బ్లాకుకింతని నీకు బహుమతి."

"బ్లాకంటే ఏటి?"

"గూడ్సు బండి సూళ్ళేదా? పెట్టె ఎనకాల పెట్టె. ఇదీ అంతే. మూడు సెకన్లకో పెట్టె తగుల్తాది. ఎవులు ఎవులికెన్ని నాణేలిచ్చేరో ఆ పెట్టెలో రాసేసి సీలేసెస్తారు. మళ్ళీ దాన్ని ఎవుడూ ఇప్పలేడు."

"మరి నా డబ్బు నాకెప్పుడు వస్తాది?"

"లాకుంటాది, అందాకా తియ్యలేవు. ఇరవయ్యారు లక్షల బ్లాకులు."

"నెలల్లో సెప్పు బావా."

"ఇంచుమించు మూడు నెల్లు. మాఘం మొదట్లో నీ డబ్బు నీ సేతిలో ఉంటాది. శివరాత్రి అప్పటికింకా రాదు."

వేరే ఊరివాడైతే ఆ 'ఇంచుమించు' దగ్గర ఆగేవాడేమో. తిరుమలరావు ఆగలేదు. ఎందుకంటే ఈ కొండల్లో గడువంటే తేదీ కాదు, సంత. అప్పు తీసుకున్నవాడు నెలలు చెప్పడు, "నాలుగు సంతలకిస్తాను" అంటాడు. వానకి వాగు పొంగి సంత కూడలేదనుకోండి, ఆ వారం లెక్కలోకి రాదు. కూడిన సంతలే లెక్క. పుట్టినప్పటినుంచీ అలా లెక్క పెట్టిన మనిషికి, గడువుని బ్లాకుల్లో చెబితే వింతగా తోచలేదు. వారానికో సంత, మూడు సెకన్లకో బ్లాకు. పైగా సంతకి వానలు, బంద్‌లు అడ్డమొస్తాయి. మిషన్లకి ఏమడ్డమొస్తుంది అనుకున్నాడు. నాలుగు లక్షలూ పంపేశాడు.

మార్గశిరంలో తురంగ్ వాళ్ళు బండి వేగం పెంచారు. మూడు సెకన్ల పెట్టె సెకనున్నరకే తగలడం మొదలైంది. ఫోనులో లాకు తెరుచుకునే తేదీ మాఘం నుంచి పుష్యానికి ముందుకొచ్చేసింది. బ్లాకుకిచ్చే బహుమతి తగ్గించలేదు కాబట్టి రోజుకొచ్చే నాణేలు రెండింతలయ్యాయి. తిరుమలరావు ఆ ఆదివారం రాయగడ వెళ్ళి మజ్జిగౌరమ్మకి కొబ్బరికాయ కొట్టాడు. "సెప్పేనా?" అని అమర్‌నాథ్ ఫోనులో గంతులేశాడు.

ఇంటిదగ్గర భార్య కస్తూరి మాత్రం, "దేవుడికి దణ్ణం ఎట్టినంతసేపైనా ఆ ఫోను కింద ఎట్టండి. అమ్మోరు మిమ్మల్ని సూడాలా, మీరు ఫోను సూడాలా?" అంది.

పుష్యం వచ్చేసరికి ధర జారడం మొదలుపెట్టింది. మొదట పావు వంతు పోయింది. తర్వాత సగం. ఆ తర్వాత నాలుగో వంతు మిగిలింది. దాంతోపాటు ఇంకొకటి జరిగింది, అదే తిరుమలరావుకి బోధపడలేదు. లాకు తెరుచుకునే తేదీ వెనక్కి నడవసాగింది. పుష్యంలో అన్నది మాఘమైంది. స్నానం చేసి వచ్చి చూస్తే శివరాత్రి దాటింది. మర్నాడు ఉగాది దాటింది. ఒక రోజు గడిస్తే గడువు ఒక రోజు దగ్గరపడాలి గదా. ఇక్కడ ఒక రోజు గడిస్తే నాలుగు రోజులు దూరం జరుగుతోంది. తలుపు వైపు నడిచేకొద్దీ గది పొడుగవుతున్నట్టుంది అతనికి.

ఇక ఫోనులో మాటలతో లాభం లేదని కొరాపుట్ బయల్దేరాడు. రాయగడలో బండెక్కాడు. సొరంగాలు దాటుకుంటూ పైకెక్కిన బండి కకిరిగుమ్మ స్టేషన్లో ఆగిపోయింది. ఎదురు బండికి దారివ్వాలట. ఎండ ఎక్కింది. చాయ్ అమ్మేవాడు రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. ఎదురు బెంచీ పెద్దమనిషి ఒడియాలో రైల్వేని తిట్టి తిట్టి, అలిసిపోయి కళ్ళు మూసుకున్నాడు.

చివరికి గూడ్సు వచ్చింది. పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె, అన్నిటి నిండా ఇనుపరాయి. తిరుమలరావు కిటికీ ఊచలు పట్టుకుని చూశాడు. టిక్కెట్టు కొన్నాడు, ఎక్కి కూర్చున్నాడు, కొరాపుట్ ఎక్కడికీ పోదు. అయినా అవతలి పెట్టెలు ఎప్పుడు కదిలితే అప్పుడే తన కదలిక. దిగి నడుద్దామంటే అటూ ఇటూ కొండలు. విష్ణు సహస్రనామం మొదలుపెట్టి, మధ్యలో మరిచిపోయి, మళ్ళీ మొదలుపెట్టాడు.

అమర్‌నాథ్ షాపులో ఇద్దరు ముగ్గురు దరఖాస్తులతో నిలబడున్నారు. తిరుమలరావుని చూడగానే అతను "సర్వర్ డౌనుంది, మధ్యాహ్నం రండి" అని వాళ్ళని పంపేశాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"ముందు మంచినీళ్ళు తాగు బావా."

"నీళ్ళకి రాలేదు బావా. తేదీ ఎందుకు ఎనక్కెళ్తన్నాది? అది సెప్పు."

"పెట్టెలు ఆలస్యంగా తగుల్తన్నాయి. పది సెకన్లకో పెట్టె ఇప్పుడు. ఒకోపాలి పదిహేను."

"ఎందుకని? మిషన్లే గదా కట్టేవి?"

"మిషన్లే. దేశం దేశంలోనూ ఉన్నాయి. వంతులేసుకుని కడతాయి. కట్టినోడికి కూలి ఈ నాణేల్లోనే. ధర పడిపోనాది గదా, కరెంటు ఖర్సులు రాక ఒకొకడూ మిషను ఆర్పేసేడు. ఆరిపోయిన మిషను వంతు వచ్చినప్పుడు పెట్టె తగల్దు, ఖాళీగా పోతాది. నీ లాకు పెట్టెలే లెక్కెడతాది, రోజులు లెక్కెట్టదు."

తిరుమలరావు కుర్చీలో వెనక్కి వాలాడు. కూడని సంత లెక్కలోకి రాదు. తనకు తెలియంది కాదు. ఇన్నేళ్ళూ ఆ లెక్కతో బతికి, అదే లెక్క తన మీదకొచ్చినప్పుడు పోల్చుకోలేకపోయాడు.

"అయితే ధర ఎందుకు పడింది? దానికీ బ్లాకులకీ ఏటి సంబంధం?"

"మార్గశిరంలో ఏగం పెంచేరు సూడు, అక్కడొచ్చింది తంటా. బ్లాకుకిచ్చీది తగ్గించకండా బ్లాకుల్ని రెండింతలు సేసేరు. అందరికీ బహుమతి దొర్లిపోనాది. బహుమతికి లాకు లేదు. వచ్చింది వచ్చినట్టే అందరూ అమ్మీసేరు. కొనీవోడు లేకపోనాడు."

"ఆ బహుమతి..." తిరుమలరావు ఆగాడు. ఇన్నేళ్ళ ప్రశ్న నాలిక చివరికొచ్చింది. "ఆ బహుమతి ఎక్కణ్ణించి వస్తాది బావా? ఎవులిస్తారు?"

అమర్‌నాథ్ మెడ గోక్కున్నాడు. "ఎవులూ ఇవ్వరు. పెట్టె తగిలినప్పుడల్లా కొత్త నాణేలు పుడతాయి. కుండని వాడుకున్నోడిచ్చే రుసుము కొంతుంటాది. అది రూపాయిలో పావలా కూడా ఉండదు. మిగతాదంతా పుట్టించిందే."

"అంటే, శ్రీరామనవమికి జనం ఎక్కువొచ్చీసేరని పానకంలో బిందెడు నీళ్ళు పోసీసినట్టు."

"...అలాగే అనుకో."

"గ్లాసులు ఎక్కువైనాయని నువ్వూ నానూ గంతులేసేం."

తిరుమలరావుకి కోపం రావాల్సింది గానీ, అమర్‌నాథ్ కళ్ళు చూసి రాలేదు. "నువ్వెంత ఎట్టేవు?" అని అడిగాడు.

"మూడున్నర. మీ సెల్లెలికి తెల్దు."

లోపల వంటింట్లోంచి లలితకుమారి కేకేసింది. "ఏటి తెల్దు నాకు? అన్నయ్యా, భోంచేసే ఎళ్ళు. మీ బావ మొహం సూత్తే నాకు పుష్యంలోనే తెలిసింది. మూడు పూటలా తిని ఒక పూటే పలుకుతన్నాడు."

భోజనాలయ్యాయి. బయల్దేరేటప్పుడు అమర్‌నాథ్ మెల్లగా అన్నాడు. "అసలు కదల్దు. గానీ నీ బహుమతి నాణేలు ఇంకా తియ్యలేదు. ధర పెరుగుతాదని నానే ఒద్దన్నాను. అవి తియ్యొచ్చు. ఇప్పుడు తీస్తే పదో పదకొండో వేలు వస్తాయేమో."

"ఉండనీ బావా. అవసరమైతే సెప్తాను," అన్నాడు తిరుమలరావు.

శివరాత్రి దగ్గరపడింది. కస్తూరి బంగారం ఇదివరకే కూతురు బిందుశ్రీ చదువుకోసం బ్యాంకులో ఉంది. బ్యాంకు వాళ్ళు ఇంకో అప్పు ఇవ్వలేమన్నారు. పార్వతీపురంలో చింతపండు కొనే సేటు, సరుకు చేరిన పది రోజులకి సొమ్ము పంపుతానన్నాడు గానీ ముందు పైసా ఇవ్వనన్నాడు. ఇంట్లో ఉన్నది ముప్పై వేలు. మొదటి సంతకి అది మధ్యాహ్నం దాకా కూడా రాదు.

ఈలోగా మన్మథరావు వచ్చి కూర్చున్నాడు. వెనక వరసలో కాటా కట్టే వ్యాపారి. తిరుమలరావు కంటే పదేళ్ళు పెద్ద. వయసుకి తగ్గట్టు తియ్యగా మాట్లాడతాడు.

"ఏటి తమ్ముడూ, ఒంట్లో బాగులేదంట? ఈ ఏడు కట్టవేమోనని బజార్లో అనుకుంతన్నారు."

"ఒంటికేటి అన్నయ్యా, గుండ్రాయిలా ఉన్నాను."

"అలాగైతే మంచిదే. లేపోతే ఆ జాగా ఖాళీగా ఉంటే సూడ్డానికి బాగోదు గదా, నాను కడదామనుకున్నాను. ఏటి కస్తూరమ్మా, కాఫీ ఇస్తావా, మీ ఆయన ఫోన్లో ఎట్టిన డబ్బుతో పాటు పంచదార కూడా అయిపోనాదా?"

"పంచదార ఉన్నాది బావగారూ," అంది కస్తూరి లోపల్నించి. "మీకు సుగరని ఆలోసిస్తన్నాను."

మన్మథరావు నవ్వుకుంటూ వెళ్ళాడు. కస్తూరి నవ్వలేదు. గుమ్మంలో నిలబడి, "అందరికీ తెలిసిపోనాది," అంది.

ఆ సాయంకాలం దీపం పెట్టాక తిరుమలరావు పటాల ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. ఏమడగాలో తెలియలేదు. జారిన ధర ఎక్కించమని అడిగితే, ఆ ఎక్కిన ధరకి తన నాణేలు కొనేవాడు ఎవడు? వాడికీ ఒక ఇల్లుంటుంది, వాడూ ఇలాగే దీపం పెడతాడు. తను తప్పించుకోవాలంటే ఇంకొకణ్ణి ఇరికించమని దేవుణ్ణి ఎలా అడగడం? అలా ఆలోచిస్తూ ఉంటే ఒకటి తోచింది. సేటు పది రోజులకి సొమ్ము పంపుతానన్నాడు. పది రోజులంటే రెండు సంతల లోపే. ఇన్నేళ్ళూ కొండవాళ్ళకి తను సంతల గడువిచ్చాడు. ఈసారి వాళ్ళని తను అడిగితే?

అడగాలంటే గున్నయ్యే దారి. గున్నయ్య కళాసీల మేస్త్రి. అతనూ అయిదుగురూ కలిసి తిరుమలరావు కాటా దగ్గర బస్తాలెత్తుతారు. గుణుపురం వైపు రైతు కుటుంబంలో పుట్టి, పొలం పోయి ఇటొచ్చినవాడు. కొండవాళ్ళ భాష వాళ్ళలాగే మాట్లాడతాడు. సంతలో వాళ్ళకి ఏ తగువొచ్చినా అతన్నే పిలుస్తారు.

సంతకి ముందురోజు పొద్దున్నే తిరుమలరావు అతని ఇంటికి వెళ్ళి సంగతంతా దాచకుండా చెప్పాడు. బస్తాకి వంద చొప్పున బయానా ఇస్తాను, మిగతాది రెండు సంతలకిస్తాను, నువ్వు వాళ్ళకి చెప్పాలి అన్నాడు. గున్నయ్య వేపపుల్ల నములుతూ విన్నాడు. తర్వాత ఊసి, నోరు పుక్కిలించి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"బాబూ, ఒక మాటంటాను, కోపం తెచ్చుకోవద్దు. మీ 'వచ్చే సంత' మాకు తెలుసు."

"అంటే?"

"కరోనా వచ్చిన ఏడు గుర్తుందా? సీజను సగంలో ఆగిపోనాది. ఆ ఆఖరి సంతనాడు ఎత్తుడు కూలీ, సీజను మామూలూ కలిపి మనిషికి పదిహేను వందలు రావాల. వచ్చే సంతకిస్తానన్నారు. వచ్చే సంత కూడలేదు. ఆ తరవాతదీ కూడలేదు. అన్నీ తెరిసేసరికి ఏడు తిరిగొచ్చింది. మీరు మర్సిపోనారు."

"మరి నువ్వెందుకడగలేదు?"

"ఆ ఏడు అందరికీ కష్టమే గదా, మా బాబు ఆయనే ఇస్తాడనుకున్నాను. తరవాత, ఇవ్వలేదే అనుకున్నాను. ఆ తరవాత ఇంక అడగడానికి నోరు రాలేదు. ఆరుగురికి తొమ్మిదేలు. ఇప్పుడు నాను పోయి, మా బాబు రెండు సంతలకిచ్చెస్తాడు అని సెప్తే, నా ఎనకాలున్న అయిదుగురూ నవ్వుతారు. ఆళ్ళు నవ్వితే కొండోళ్ళు ఇనరు."

"ఇప్పుడే ఇచ్చెస్తాను," అన్నాడు తిరుమలరావు. అని, ఆగిపోయాడు. ముప్పై వేలూ బయానాకే బొటాబొటి. అందులోంచి తొమ్మిది తీస్తే మధ్యాహ్నానికే కాటా విప్పాలి.

గున్నయ్య అతని ముఖం చదివాడు. "రేపు నాను కాటా కడతాను. మాటా సెప్తాను. సంత లేసేలోగా మా పాతది మా సేతిలో పడాల. పడకపోతే ఆళ్ళ చింతపండు ఆళ్ళకి తిరిగిచ్చి, ఎల్లుండి నించి మన్మథరావుగారి కాడ ఎత్తుతాం. తప్పా బాబూ?"

"తప్పు కాదు," అన్నాడు తిరుమలరావు.

అక్కడినుంచే అమర్‌నాథ్‌కి ఫోను చేశాడు. "బావా, బహుమతి నాణేలు తీసెయ్. తీసి అమ్మి, రూపాయలు పంపు. రేపు సంత లేసేలోగా నాకు తొమ్మిదేలు కావాల."

"ఇప్పుడా? ధర ఇంకా..."

"ఎంతకైతే అంతకి."

సంతనాడు తెల్లవారకముందే కాటా కట్టారు. కస్తూరి ఇచ్చిన పసుపు కుంకుమ తిరుమలరావు కాటాకి పెట్టాడు. మన్మథరావు మనిషి షెడ్డు చుట్టూ రెండుసార్లు తిరిగి వెళ్ళాడు. పొద్దెక్కేసరికి కొండదారిన ఆడవాళ్ళు వరసగా దిగారు. ముందున్నామె బుట్ట దించి, కాటా మీద పెట్టబోతే గున్నయ్య చెయ్యడ్డం పెట్టి, ఆమె భాషలో అంతా చెప్పాడు. చుట్టూ గుంపు మూగింది. ఆమె తిరుమలరావుని పై నుంచి కిందికి చూసింది.

"హాటొ న బొసిలే?" అంది.

"సంత కూడకపోతే ఏటని అడుగుతన్నాది," అన్నాడు గున్నయ్య.

తిరుమలరావు తనకు వచ్చిన ఒడియాలో తనే చెప్పాడు. సంత కూడినా, కూడకపోయినా, ఆ వారం లెక్కే. కూడకపోతే ఆ రోజున తనే డబ్బు తీసుకుని వాళ్ళ ఊరొస్తాడు. వాగు పొంగితే వాగు ఇవతలి ఒడ్డున నిలబడతాడు. వాళ్ళ ఊరి పేరు అడిగాడు. ఆమె చెప్పింది. పక్కనున్నావిడ ఏదో అంటే అందరూ పకపకా నవ్వారు. ఏమందని గున్నయ్యని అడిగితే, "అంత దూరం నడవగలడా ఈ బొజ్జయ్య అంటన్నాది," అన్నాడు. నవ్వుతూనే ఆమె బుట్ట కాటా మీద పెట్టింది.

అటు కొరాపుట్‌లో అమర్‌నాథ్ ముందురోజు నుంచీ మీట నొక్కుతూనే కూర్చున్నాడు. బహుమతి తీయడానికి ఒక పెట్టె కావాలి. మిషన్లు ఇంకా ఆరిపోయి ఇప్పుడు పెట్టెకి గంటలు పడుతోంది. వచ్చాక అమ్మడానికి ఇంకో పెట్టె కావాలి. అది తగిలేలోగా ధర కిందకి జారి, 'ధర మారింది, మళ్ళీ ప్రయత్నించండి' అని వెనక్కొస్తుంది.

"పదకొండు వేలనుకున్నాను బావా, పదివేల మూడొందలు సూపిస్తన్నాది. నొక్కేను. తిరిగొచ్చింది." ఇంకాసేపటికి, "తొమ్మిదేల ఎనిమిదొందలు. ఎవుడో మన ముందు పెట్టెలో పెద్ద మొత్తం అమ్మీసేడు. మళ్ళీ నొక్కేను."

"నొక్కు. తొమ్మిదికి తగ్గక ముందే నొక్కు."

మధ్యాహ్నం దాటింది. బయానా డబ్బు అయిపోవచ్చింది. బస్తాలు షెడ్డు ముందు గోడలా పేరుకున్నాయి. కళాసీలు ఎత్తుతూనే ఉన్నారు. ప్రతి బస్తాకీ గున్నయ్య ఒకసారి ఎండ వైపు చూస్తున్నాడు. మేకల బజారు అప్పుడే పలచబడింది. మన్మథరావు నీడలో కుర్చీ వేయించుకుని, తాంబూలం నములుతూ ఇటే చూస్తూ కూర్చున్నాడు.

తిరుమలరావు తూకం చెబుతూనే, లోపల మజ్జిగౌరమ్మని తలుచుకున్నాడు. ధర పెంచమని కాదు. ఒక్క పెట్టె తగిలించమ్మా, చాలు అనుకున్నాడు.

ఆఖరి బుట్టకి బయానా సరిపోయింది. దుకాణాల వాళ్ళు పరదాలు విప్పుతుండగా ఫోను మోగింది.

"తగిలింది బావా!" అమర్‌నాథ్ కేకేశాడు. "తొమ్మిదేల నూట అరవై. కొన్నవాడు రూపాయలు ఏసేడు, నీకు పంపేసేను, సూడు."

తిరుమలరావు కాటా వదిలి, ఎదురుగా ఉన్న మందుల షాపుకి పరుగెత్తాడు. షాపాయన ఫోనులోకి పంపించుకుని గల్లాలోంచి నోట్లు తీసిచ్చాడు. తిరిగొచ్చి, బస్తాల పక్కనే నిలబడి, అందరూ చూస్తుండగా గున్నయ్య చేతిలో పెట్టాడు. "ఆలస్యమైపోయింది గున్నయ్యా," అన్నాడు.

గున్నయ్య నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు. నలుగురిని పిలిచి ఎవరిది వాళ్ళకిచ్చాడు. తనది చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఒక వాటా చేతిలో మిగిలింది.

"ఇది జగన్‌ది. ఆడు నిరుడు సెన్నై ఎళ్ళిపోనాడు, ఆడి జాగాలో కొత్తోడొచ్చేడు. ఆళ్ళమ్మ అక్కడున్నాది, రాజులమ్మ. మీరే ఇయ్యండి బాబూ."

బజారు చివర పొయ్యి ఆర్పుకుంటున్న పకోడీల రాజులమ్మ దగ్గరికి తిరుమలరావు నడిచి వెళ్ళాడు. కూర్చున్నది కూర్చున్నట్టే ఆమె తలెత్తి చూసింది.

"ఏటి బాబూ, పకోడీలైపోనాయి."

"పకోడీలకి కాదమ్మా. మీ జగన్‌ది, అప్పట్లో కరోనా ఏడు ఎత్తిన కూలి. ఇవ్వలేదు నాను."

ఆమె నోట్లని చూసి, అతన్ని చూసింది. పిండి చేతులు కోక కొంగుకి తుడుచుకుని, రెండు చేతులూ చాపి తీసుకుంది.